గ్వాడలూప్ కొండల్లో ఒక పగలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

అమెరికాలోని మన పాఠకుల నుంచి, వారి తల్లిదండ్రుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే చోటును గురించినవి కావడంతో, ఈసారి శీర్షికను మొత్తంగా టెక్సస్ పశ్చిమ అంచున, చివావా ఎడారి నడుమ నిలిచిన గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్కుకే కేటాయిస్తున్నాము. 1972లో ఏర్పడిన ఈ పార్కులో కార్లు తిరిగే దారులు చాలా తక్కువ. చూడవలసినవన్నీ కాలినడకనే చూడాలి కనుక, ఒక్క పగలు మాత్రమే చేతిలో ఉన్నవారు ఆ పగటిని ముందుగా కాగితం మీద వేసుకుని వెళ్ళడం అవసరం.

ప్రశ్న: ఖమ్మం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా నాన్నగారికి 63 ఏళ్ళు. రోజూ గంటసేపు నడుస్తారు. నిరుడు అలిపిరి నుంచి తిరుమలకు మెట్లెక్కి వెళ్ళారు. థాంక్స్ గివింగ్ సెలవుల్లో ఆయన, నేను, మా వారు, మా తమ్ముడు కలిసి గ్వాడలూప్ శిఖరం ఎక్కాలనుకుంటున్నాము. "అలిపిరి ఎక్కినవాడికి ఇదెంత!" అంటున్నారు నాన్నగారు. ఒక్క రోజులో ఎక్కి దిగగలమా? ఆ రోజును ఎలా వేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: ఎక్కి దిగవచ్చు. ఆ వయసువారు ఏటా చాలామంది ఎక్కుతూనే ఉన్నారు. అయితే నాన్నగారి మాటలో ఒక చిన్న పొరపాటు ఉంది, దాన్ని ఆయనకు నెమ్మదిగా చెప్పండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నా, దారి పొడవునా పైకప్పు నీడ ఉంటుంది, తాగేందుకు నీళ్ళుంటాయి, గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చుని ఏదైనా తినవచ్చు, మోకాళ్ళ పర్వతం దగ్గర కాళ్ళు మొరాయిస్తే పక్కన కూర్చోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, దర్శనం చేసుకున్నాక మనలో ఎక్కువమంది బస్సులో దిగి వస్తాము. గ్వాడలూప్‌లో ఇవేవీ లేవు. 4.2 మైళ్ళు, అంటే ఏడు కిలోమీటర్లకు కాస్త తక్కువ, పైకి నడిచి, 3,000 అడుగుల ఎత్తు ఎక్కి, మళ్ళీ అంత దూరమూ, అంత ఎత్తూ మన కాళ్ళతోనే దిగాలి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు వచ్చే మోకాలి నొప్పి ఆగినంత మాత్రాన తగ్గదు. నాన్నగారికి ఎక్కుడు అలవాటే, దిగుడు అలవాటు లేదు. ఇంకా వారాల సమయం ఉంది కనుక మీ అపార్ట్‌మెంటులోనో, దగ్గరలోని పార్కింగ్ భవనంలోనో మెట్లు దిగడం, లిఫ్టులో పైకి వెళ్ళి మళ్ళీ దిగడం వారానికి మూడు రోజులైనా చేయించండి. ఊతకర్రలు రెండు కొని, వాటితో ఇంటి దగ్గరే నడిపించి అలవాటు చేయండి. రక్తపోటుకో, మధుమేహానికో మందులు వాడుతుంటే వైద్యుడిని అడగకుండా బయలుదేరవద్దు. కొన్ని రక్తపోటు మందులు ఒంట్లోని నీటిని బయటికి పంపేవి కావడం వల్ల ఎడారి నడకలో వాటి ప్రభావం వేరుగా ఉంటుంది.

ఇక దారి సంగతి. నడక మొదలయ్యే పైన్ స్ప్రింగ్స్ దగ్గరే మీరు సముద్రమట్టానికి సుమారు 5,800 అడుగుల ఎత్తులో ఉంటారు. శిఖరం ఎత్తు 8,751 అడుగులు, అంటే 2,667 మీటర్లు. టెక్సస్ రాష్ట్రంలో దీన్ని మించిన ఎత్తు లేదు. ఆంధ్రప్రదేశ్‌లోని తూర్పు కనుమల శిఖరాలేవీ 1,700 మీటర్లు దాటవు కనుక, నాన్నగారు అంత ఎత్తున నడవడం బహుశా ఇదే మొదటిసారి కావచ్చు. గాలి పలచబడి కొద్దిపాటి తలనొప్పి, ఆయాసం రావచ్చు. మొదటి మైలున్నర దారే అన్నిటికన్నా నిటారుగా, మలుపు మీద మలుపుగా, నీడ లేకుండా ఉంటుంది. "మొదట్లోనే ఇలా ఉంటే పైన ఎలా ఉంటుందో" అని చాలామంది అక్కడే ధైర్యం కోల్పోతారు. ఆ భాగం దాటాక దారి కొండకు ఉత్తరపు వైపు తిరిగి, పైన్, డగ్లస్ ఫర్ చెట్ల నీడలోకి వెళుతుంది, వాలు కూడా కాస్త తగ్గుతుంది. మూడు మైళ్ళు దాటిన చోట ఎదురుగా కనబడే గుట్టే శిఖరమని అందరూ పొరబడతారు. దాని పైకి చేరాక అసలు శిఖరం ఇంకా మైలు దూరాన కనబడుతుంది. ఇది మీకు ముందే తెలిసి ఉంటే అక్కడ నీరసం రాదు. ఆ తర్వాత కొద్దిగా దిగి, ఒక చిన్న చెక్కవంతెన దాటి, చివరి రాతి ఎక్కుడు ఎక్కితే శిఖరం వస్తుంది. అక్కడ మూడు పలకల ఉక్కు స్తంభం ఒకటి ఉంటుంది. 1858లో మొదలైన బటర్‌ఫీల్డ్ తపాలా బండ్ల మార్గానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా 1958లో ఒక విమాన సంస్థ దాన్ని నిలిపింది. దక్షిణాన, మీ కాళ్ళ కంటే దిగువన, ఎల్ కాపితాన్ అనే సున్నపురాతి బురుజు బట్టతలలా మెరుస్తూ కనబడుతుంది. కింద ఎడారి రోడ్డు మీద నిలువెత్తు బండలా కనిపించి భయపెట్టిన రాయే అది.

పార్కువారు ఈ నడకకు ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుందని చెబుతారు. మీ బృందానికి ఎనిమిది గంటలని లెక్క వేయండి. నవంబరు చివర్లో అక్కడ సూర్యోదయం సుమారు ఉదయం 6:40కి, సూర్యాస్తమయం సాయంత్రం ఐదింటికి కొద్దిగా ముందు. పైగా పైన్ స్ప్రింగ్స్ కొండలకు తూర్పున ఉంది కనుక, ఎండ అంతకన్నా ముందే కొండ వెనక్కి పోతుంది, చలి ఒక్కసారిగా దిగుతుంది. కాబట్టి ఏడు గంటలకల్లా అడుగు వేయండి. మధ్యాహ్నం పన్నెండు కాగానే, శిఖరం ఎంత దగ్గరలో ఉన్నా వెనక్కి తిరగాలని ఇంటి దగ్గరే నలుగురూ ఒప్పుకోండి. ఆ మాట పైన అనుకుందామంటే కుదరదు. పైన శిఖరం కనబడుతూ ఉంటుంది, ఎవరికీ తిరగబుద్ధి కాదు. తెచ్చుకున్న నీళ్ళలో సగం అయిపోయినా అదే నియమం. ఈ రెంటిలో ఏది ముందు వస్తే అప్పుడు తిరగండి.

గడియారం విషయంలో మరొక జాగ్రత్త. పార్కు నడిచేది మౌంటెన్ కాలమానం మీద; మీ డాలస్‌ది సెంట్రల్ కాలమానం. దక్షిణాన వాన్ హార్న్‌లో బస చేస్తే అక్కడిదీ సెంట్రలే. ఫోను ఒక్కో మలుపులో ఒక్కో సమయం చూపుతుంది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోను మీద భరోసా ఉంచి, చీకటి పడటానికి ఇంకా రెండు గంటలుందనుకున్నాను. నిజానికి గంటే ఉంది. ఇద్దరికి ఒకే ఒక్క తలదీపంతో చివరి మైలు దిగాము. ముందున్న మనిషి దీపం పట్టుకుంటే వెనకున్న మనిషికి తన పాదం పడే చోటు కనబడదు. అరగంట దారికి గంటన్నర పట్టింది. అందుకే చేతి గడియారం ఒకటి పెట్టుకోండి, పగటి నడకే అయినా తలదీపం ఒక్కొక్కరికి ఒకటి ఉండాలి.

మీరు నలుగురు కావడం మంచిదయింది. నాన్నగారు ఎక్కడైనా ఆగిపోదామంటే ఒకరు ఆయనతో దిగాలి, మిగతా ఇద్దరు ముందుకు వెళ్ళవచ్చు. "మీరు వెళ్ళిరండి, నేనిక్కడ కూర్చుంటాను" అని ఆయన తప్పకుండా అంటారు. పెద్దవాళ్ళ మర్యాద అది. దానికి మాత్రం ఒప్పుకోవద్దు. చెమట పట్టిన మనిషి చలిగాలిలో కదలకుండా కూర్చుంటే గంటలోపే వణుకు మొదలవుతుంది. ఎవరు ఎవరితో దిగాలో కూడా ముందే అనుకోండి.

డాలస్ నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. రాత్రంతా కారు నడిపి తెల్లవారి కొండెక్కడం వద్దు. ముందురోజు మధ్యాహ్నానికే ఉత్తరాన కార్ల్స్‌బాడ్‌కు చేరి అక్కడ బస చేయండి. పేకస్ నుంచి కార్ల్స్‌బాడ్‌కు పోయే రోడ్డు మీద చమురు బావుల లారీలు బాగా తిరుగుతాయి, చీకటి పడకముందే దాన్ని దాటడం మేలు. వెళ్ళిన మరునాడే శిఖరానికి పోకుండా, సెలవులు సరిపోతే ఒక రోజు మెకిట్రిక్ లోయలో ప్రాట్ కుటీరం దాకా నడవండి. రానూపోనూ 4.8 మైళ్ళు, దాదాపు సమతలం. వాలెస్ ప్రాట్ అనే చమురు భూగర్భ శాస్త్రవేత్త కట్టుకున్న రాతి ఇల్లు అది. తర్వాత ఆయన తన భూమిని ప్రభుత్వానికి దానం చేయడంతోనే ఈ పార్కుకు బీజం పడింది. రాళ్ళ మీద నాన్నగారి అడుగు ఎలా పడుతోందో ఆ రోజు మీ కళ్ళతో చూస్తే, మరునాటి సంగతి మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నేను లబ్బక్‌లో చదువుకుంటున్నాను. కిందటి వేసవిలో వేరొక ఎడారి పార్కులో స్నేహితులతో నడిచినప్పుడు, భయపడి దారంతా నీళ్ళు తాగుతూనే ఉన్నాను. అయినా మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతి, కాళ్ళ కండరాలు పట్టేయడం. నీళ్ళు ఇంకా ఎక్కువ తాగి ఉండాల్సిందా? తిండి ఏం తీసుకెళ్ళాలి?
— ఒక విద్యార్థి

సమాధానం: ఇంకా ఎక్కువ తాగి ఉంటే ఇంకా ప్రమాదంలో పడి ఉండేవారేమో. చెమటతో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. ఎడారిలో గాలి పొడిగా ఉండడం వల్ల చెమట చర్మం మీద నిలవకుండా ఆరిపోతుంది, ఎంత పోయిందో మనకు తెలియదు. సాయంత్రం చొక్కా మీద తెల్లటి ఉప్పుచారలు చూశాకే తెలుస్తుంది. ఉప్పు పోతున్నప్పుడు ఉట్టి నీళ్ళు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, వాంతులు వస్తాయి. ముదిరితే మతి తప్పుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. నీళ్ళు చాలకపోయినా తలనొప్పి, వాంతి వస్తాయి కనుక, ఆనాడు మీకు జరిగింది ఏదో ఇక్కడినుంచి చెప్పడం సరికాదు. కాని రెండిటికీ ముందుజాగ్రత్త ఒకటే: నీళ్ళతో పాటు ఉప్పు, నీళ్ళతో పాటు తిండి.

పార్కువారి సలహా మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు. అది దాదాపు నాలుగు కిలోల బరువు. "ఇంత మోయలేము, సగం చాలు" అని బయలుదేరే దగ్గర ఎవరో ఒకరు అంటారు, ఆ మాట వినవద్దు. దారిలో ఎక్కడా నీళ్ళు దొరకవు. ఒకే పెద్ద సంచిలో కాక మూడు నాలుగు సీసాల్లో పోసుకోండి, ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి. కారులో ఇంకొక గ్యాలన్ ఉంచండి. సీసాల్లో ఒకదానిలో ఓఆర్‌ఎస్ పొట్లం కలపండి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి, కలిపితే సరిపోతుంది. దాహం వేసినప్పుడు కొద్దికొద్దిగా తాగండి. మూత్రం లేత పసుపుగా ఉంటే సరిగ్గానే తాగుతున్నట్టు. ముదురు పసుపైతే చాలడం లేదు. నీళ్ళలా తెల్లగా, మాటిమాటికీ వస్తుంటే కాసేపు ఆగి ఉప్పుది ఏదైనా తినాలి.

తిండి విషయంలో మీరు అమెరికా దుకాణంలో వెతకవలసిన పని లేదు. చింతపండు, నూనె, ఉప్పు, వేరుశనగపప్పు అన్నీ ఉన్న పులిహోరకు మించిన కొండదారి భోజనం నేను ఎరగను. రాత్రి కలిపితే మరునాటి మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, త్వరగా పాడు కాదు. పొట్లం కట్టేటప్పుడు అరిటాకు లేకపోయినా, పలుచని డబ్బాలో గట్టిగా అదిమి పెట్టండి. పెరుగన్నం బయలుదేరే ముందు తినండి, సంచిలో పెట్టవద్దు. జంతికలు, చేగోడీలు ఉప్పుకు. పల్లీపట్టి, నువ్వుండలు, ఖర్జూరాలు బలానికి. ఒకేచోట కూర్చుని కడుపునిండా తినకుండా గంటకొకసారి గుప్పెడు తినండి. తొక్కలు, గింజలు, కాగితాలు అన్నీ మళ్ళీ సంచిలోనే కిందికి రావాలి. తడి లేని నేలలో నారింజ తొక్క కుళ్ళదు, ఎండి అలాగే నెలల తరబడి పడి ఉంటుంది. ఇంకొక మాట: మనవాళ్ళు నలుగురు కలిస్తే బొగ్గుల మీద కోడి కాల్చుకోవడం వేడుక. ఈ పార్కులో కట్టెల మంట, బొగ్గుల మంట రెండూ నిషిద్ధం. గ్యాసు పొయ్యి మాత్రం వాడుకోవచ్చు.

ప్రశ్న: మార్చి నెల వారాంతానికి శిబిరం స్థలం దొరికింది. తీరా చూస్తే గంటకు 60 మైళ్ళ గాలి అని వాతావరణ సూచన. ఎండ మాత్రం హాయిగా ఉంటుందట. వెళ్ళవచ్చా?
— ఒక పాఠకుడు, మిడ్‌లాండ్

సమాధానం: శిఖరానికి వెళ్ళవద్దు. చలికాలం, వసంతం ఈ కొండలకు గాలుల కాలం. పడమటి నుంచి చదునైన ఉప్పుమైదానం మీదుగా అడ్డులేకుండా వచ్చే గాలి ఒక్కసారిగా ఈ కొండగోడకు తగిలి, కనుమల్లోంచి, శిఖరాల మీదుగా ఇంకా వేగం పుంజుకుని దూకుతుంది. దారిలో కొన్నిచోట్ల ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకొక పక్క లోయ ఉంటాయి. గాలి నిలకడగా వీస్తే మనిషి వంగి నడవగలడు. అది అలా వీయదు, ఆగి ఆగి తోస్తుంది. వాలిన మనిషి, గాలి ఆగిన క్షణంలో తూలిపోతాడు. గుడారం కూడా ఆ రాత్రి నిలవదు.

శ్రమపడి సంపాదించిన వారాంతం కనుక దాన్ని వదులుకోమని అనను. సుమారు 40 మైళ్ళ దూరంలోనే కార్ల్స్‌బాడ్ గుహలు ఉన్నాయి, భూమి లోపల ఈ గాలి వీచదు. లోపలికి వెళ్ళే వేళను ముందుగా ఆన్‌లైనులో కేటాయించుకోవాలి. ఈ రెండూ వేర్వేరు చోట్లని అనుకోవద్దు. సుమారు 26 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ ఒక సముద్రం ఉండేది. దాని ఒడ్డున నాచు, స్పంజిక జీవులు కలిసి కట్టిన గట్టే నేటి గ్వాడలూప్ కొండ. అదే గట్టు ఈశాన్యంగా సాగి, నేల కింద కరిగి డొల్లలైన చోటు ఆ గుహలు. ఒక రోజు గుహలో ఆ గట్టు లోపలిభాగం చూసి, గాలి తగ్గిన ఇంకొక వారం దాని పైభాగం ఎక్కవచ్చు.

ప్రశ్న: మా పిల్లలకు తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు. శిఖరం మావల్ల కాదు. పిల్లలతో పూట గడపడానికి ఈ పార్కు పనికివస్తుందా? పాముల భయం కూడా ఉంది.
— దంపతులు, ఆస్టిన్

సమాధానం: చక్కగా పనికివస్తుంది. ఫ్రిహోలే రాంచ్ అనే పాత రాతి ఇంటి దగ్గర మొదలై, స్మిత్ స్ప్రింగ్ ఊట దాకా వెళ్ళి మరొక దారిన తిరిగి వచ్చే 2.3 మైళ్ళ చుట్టుదారి మీ పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. మొదట్లో మోకాలెత్తు ముళ్ళపొదలు తప్ప ఏమీ కనబడవు. గంట నడిచాక ఒక మలుపు తిరగగానే చెట్ల గుబురు, కింద నాచు పట్టిన రాళ్ళు, వాటి మీద సన్నగా జారే నీళ్ళ చప్పుడు. ఎడారిలో నీటి విలువ ఏమిటో పిల్లలకు మనం చెప్పనక్కర్లేకుండా ఆ చప్పుడే చెబుతుంది. ఊటలోకి దిగనివ్వవద్దు, ఆ కాసిని నీళ్ళే చుట్టుపక్కల జింకలకూ పక్షులకూ ఆధారం. మెకిట్రిక్ లోయలోని వాగులో కూడా కాళ్ళు పెట్టకూడదు. ఆ లోయకు పోయే రోడ్డు గేటును ఉదయం ఎనిమిదికి తెరిచి సాయంత్రం మూసేస్తారు. మూసే వేళ కాలాన్నిబట్టి మారుతుంది కనుక లోపలికి వెళ్ళేటప్పుడే చూసుకోండి. అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా అక్కడ మేపుల్ ఆకులు ఎర్రబడతాయి, ఆ వారాంతాల్లో మాత్రం జనం ఎక్కువ.

పిల్లలకు చూపించవలసిన మొక్క ఒకటుంది. మన ఊళ్ళలో చేల గట్ల మీద కంచెగా వేసే కిత్తనారకు చెల్లెలిలాంటిది, లెచుగియా. మూరెడు పొడవున, చివర సూదిమొనతో నిటారుగా నిలిచిన ఆకులు. ప్రపంచం మొత్తంలో అది సహజంగా పెరిగేది ఈ చివావా ఎడారిలోనే. దాని మొన సరిగ్గా పెద్దవాళ్ళ పిక్క ఎత్తుకు, ఆరేళ్ళ పిల్లకు మోకాలి ఎత్తుకు వస్తుంది. దారి విడిచి పరుగెత్తకూడదని చెప్పడానికి పాముకన్నా ఈ మొక్క మంచి కారణం. అక్కడి మూలవాసులైన మెస్కలెరో అపాచీలు కిత్తనార జాతి మొక్కల గడ్డలను రాళ్ళు పరిచిన గోతుల్లో కాల్చి తినేవారు. మెస్కలెరో అన్న పేరే మెస్కల్ అనే ఆ ఆహారం నుంచి వచ్చింది.

పాముల విషయానికి వస్తే, గిలకపాము ఉన్నమాట నిజమే. అది మనిషి జోలికి రాదు. చూడకుండా చెయ్యో కాలో పెట్టినప్పుడే కాటు వేస్తుంది. రాతి సందుల్లో చెయ్యి పెట్టకూడదని, దుంగ దాటేముందు అవతలికి చూడాలని పిల్లలకు కారు దిగకముందే నేర్పండి. ఒకవేళ కాటు పడితే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయవద్దు. పిల్లను ఎత్తుకుని, కదలనివ్వకుండా కిందికి తెచ్చి ఆసుపత్రికి చేర్చడమే చికిత్స. ఇక రాళ్ళలో శిలాజాలు కనబడతాయి. వాటిని వేలితో తడమనివ్వండి, జేబులో వేసుకోనివ్వకండి, అక్కడినుంచి రాయి కూడా తీసుకురాకూడదు.

ప్రశ్న: మా అబ్బాయి ఎల్ పాసోలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఆదివారం ఈ కొండ ఎక్కుతాడట, పగలంతా ఫోను కలవకపోవచ్చు, కంగారుపడవద్దని చెప్పాడు. కంగారుపడకుండా ఎలా ఉంటాను?
— ఒక తల్లి, విజయవాడ

సమాధానం: అమ్మా, ముందే చెప్పి వెళ్ళే పిల్లవాడు జాగ్రత్త తెలిసినవాడు. మీరు గడియారం లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. చలికాలంలో అక్కడికీ మనకూ పన్నెండున్నర గంటల తేడా. అతను ఉదయం ఏడింటికి నడక మొదలుపెడితే మీకు రాత్రి ఏడున్నర. దిగి, కారెక్కి, ఫోను కలిసే చోటికి వచ్చేసరికి మీకు తెల్లవారుజాము ఐదు, ఆరు అవుతుంది. రాత్రి పదింటికి ఫోను కలవకపోవడం ప్రమాదానికి గుర్తు కాదు, అతను ఆ వేళకు ఎక్కుతూ ఉంటాడు. రాత్రి భోంచేసి పడుకోండి.

అతనికి మాత్రం ఒక పని చెప్పండి. ఏ దారిన వెళుతున్నాడు, ఎవరితో, ఎన్నింటికి దిగుతాడు, కారు నంబరు ఏమిటి అన్నవి ఎల్ పాసోలోనే ఉన్న స్నేహితుడికి రాసి ఇవ్వమనండి. "ఈ వేళ దాటినా నా కబురు లేకపోతే అధికారులకు ఫోన్ చేయి" అని ఒక వేళ నిర్ణయించి చెప్పమనండి. ఆ కాగితం మీ దగ్గర కంటే అక్కడివాళ్ళ దగ్గర ఉండడమే అక్కరకు వస్తుంది. ఒంటరిగా వెళ్ళవద్దని, పార్కులో పెట్రోలు గాని భోజనం గాని దొరకవు కనుక ఎల్ పాసోలోనే ట్యాంకు నింపుకోమని కూడా చెప్పండి. పార్కు అక్కడికి 110 మైళ్ళు.

ప్రశ్న: ఆగస్టులో మేము ఐదుగురం శిఖరానికి ఇంకా అరమైలు ఉందనగా ఉరుము వినబడి వెనక్కి తిరిగాము. అప్పటికి మా మీద ఆకాశం నీలంగానే ఉంది. చినుకు కూడా పడలేదు. అంత దూరం వెళ్ళి తిరిగి రావడం నా తొందరపాటేనని స్నేహితులు ఇప్పటికీ అంటున్నారు. నేనే తిరుగుదామన్నాను. తప్పు చేశానా?
— ఒక పాఠకుడు, హ్యూస్టన్

సమాధానం: తప్పు చేయలేదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ కొండలకు వానాకాలం. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశంలో మధ్యాహ్నానికి మబ్బు పేరుకుంటుంది. ఉరుము సుమారు పది మైళ్ళ దూరం దాకా వినబడుతుంది, పిడుగు కూడా మబ్బు నుంచి దాదాపు అంతే దూరం పక్కకు వచ్చి పడగలదు. కాబట్టి ఉరుము చెవిని పడిందంటే, తల మీద నీలాకాశం ఉన్నా, మీరు పిడుగు అందుకోగల దూరంలోనే ఉన్నారు. ఆ చివరి అరమైలు చెట్టు నీడలేని రాతి వెన్ను. దాని కొసన ఉన్నదేమో రాష్ట్రంలోకెల్లా ఎత్తైన చోట నిలిపిన ఉక్కు స్తంభం. పిడుగు వేళ నిలబడకూడని చోటు చూపించమంటే నేను దాన్నే చూపిస్తాను. ఒంటరి చెట్టు కిందికి, లోతులేని రాతి గుహల్లోకి దూరకుండా నేరుగా కిందికి దిగడం మీరు చేసిన రెండో మంచి పని. ఐదుగురిలో ఒకరు ఆ మాట అనకపోతే ఐదుగురూ ముందుకే వెళ్ళి ఉండేవారు. నలుగురు స్నేహితుల నడుమ "తిరుగుదాం" అని మొదట అనడం ఎంత కష్టమో ఆ దారిలో నడిచినవాళ్ళకు తెలుసు.

వేసవిలోనే మళ్ళీ వెళ్ళవలసి వస్తే తెల్లవారకముందే తలదీపాలతో బయలుదేరి, మధ్యాహ్నం కాకముందే చెట్ల వరుస కిందికి దిగేలా చూసుకోండి. వీలైతే అక్టోబరు రెండో సగంలో వెళ్ళండి. వానలు తగ్గిపోతాయి, గాలులు ఇంకా మొదలుకావు, పగలు నడకకు హాయిగా ఉంటుంది. అదే స్నేహితులను తీసుకువెళ్ళండి. స్తంభం మొదట్లో ఒక లోహపు పెట్టె ఉంటుంది, అందులో వచ్చినవారు పేర్లు రాసే పుస్తకం ఉంటుంది. కలం ఒక్కోసారి ఎండిపోయి రాయదు, మీదొకటి పట్టుకెళ్ళండి.